తెలుగు బైబిలులో ‘సమాధానము’: ఒక విమర్శనాత్మక పరిశీలన

పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో నాలుగు వచనాల ఎడంలో ఒకే తెలుగు మాట రెండుసార్లు కనిపిస్తుంది. 11వ వచనంలో విశ్వాసి సమాధానమును వెదకవలసినవాడు, దాని వెంటపడవలసినవాడు. 15వ వచనంలో అతడు తన నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివానికి సమాధానము చెప్పడానికి సిద్ధంగా ఉండవలసినవాడు. మొదటిచోట గ్రీకులో ఉన్నది ‘ఐరేనే’. రెండవచోట ఉన్నది ‘అపోలోగియా’, అంటే న్యాయస్థానంలో నిలబడినవాడు తన పక్షంగా చెప్పుకొనే మాట. గ్రీకులో ఈ రెంటికీ ఏ బంధుత్వమూ లేదు. తెలుగులో మాత్రం రెండూ ఒకే గొడుగు కింద నిలబడ్డాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ పత్రిక చదువుతున్నాను, దానిమీద ప్రసంగిస్తున్నాను. అయినా ఈ సంగతి నాకు నేనుగా తోచలేదు. క్రైస్తవేతర కుటుంబంనుండి క్రొత్తగా వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి బుధవారం బైబిలు తరగతిలో లేచి, “అయ్యగారూ, సమాధానం వెదకి వెంటాడమంటే జవాబు దొరికేదాకా వదలొద్దనా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇక్కడ సమాధానం అంటే శాంతి బాబూ అని చెప్పి కూర్చోబెట్టాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు. ఆ అబ్బాయి తెలుగు తప్పు కాదు. బజారులో, బడిలో, పరీక్ష కాగితం మీద ఆ మాటకు అర్థం జవాబే. దానిని ‘శాంతి’గా వినే చెవి మన సంఘాలలో పుట్టి పెరిగినవారికి మాత్రమే ఉంది. అయితే మనం వింటున్న ఆ అర్థమైనా సరియైనదేనా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది అదే.

ముందు మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో ఇది ‘సమ్’, ‘ఆ’ అనే ఉపసర్గలు ‘ధా’ ధాతువుకు చేరగా ఏర్పడింది. చెదిరినదానిని ఒకచోట చేర్చి కుదురుగా ఉంచడం దాని మూలార్థం. వేదాంత గ్రంథాలు సాధకునికి చెప్పిన ఆరు సంపత్తులలో శమము, దమము, ఉపరతి, తితిక్ష, శ్రద్ధల తరువాత ఆరవది సమాధానమే. అక్కడ అది చిత్తాన్ని ఒకచోట నిలపడం. శాస్త్ర చర్చలలో ఆక్షేపమునకు ఎదుట నిలిచేది సమాధానము. లేచిన సందేహాన్ని కుదుటపరచేది కనుక దానికి ఆ పేరు. మన వాడుకలోని ‘జవాబు’ ఈ రెండవ దారిలో వచ్చింది. మలయాళంలో ఈ మాటకు నేటికీ శాంతి అనే అర్థమే మొదట తోస్తుంది. తమిళ బైబిలులోనూ సమాధానమే ఉంది. కన్నడిగులు ఊరటకు ఈ మాట వాడతారు, హిందీవారు పరిష్కారానికి. తెలుగులో కూడా ‘సమాధానపడు’, ‘సమాధానపరచు’ అనే క్రియలలో పాత అర్థం ఇంకా బ్రతికే ఉంది.

దీనిని గూర్చి సభలలో వినిపించే ఒక వ్యుత్పత్తిని ఇక్కడే ఆపాలి. ‘సమ’ అంటే సమానం, ‘ధనము’ అంటే ఆస్తి, కాబట్టి అందరికీ సమానంగా దొరికే ఆస్తి సమాధానము అని ఒక ఉజ్జీవ కూటంలో ఒక ప్రసంగీకుడు చెప్పగా విన్నాను. జనం హల్లెలూయ అన్నారు. వ్యాకరణానికి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇక మన పాత అనువాదాన్ని చూస్తే, సమాధానము అనే మాట ఒక్క మూలపదానికి కట్టుబడి లేదు. ఐరేనే అన్నచోట చాలావరకు ఇదే ఉంది. లేవీయకాండములోని ‘షెలామీమ్’ బలులు సమాధానబలులైనాయి. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక అయిదవ అధ్యాయంలోని ‘కటల్లాస్సో’, అనగా తెగిన సంబంధాన్ని తిరిగి కలపడం, సమాధానపరచుట అయింది. కొండమీది ప్రసంగంలో సహోదరునితో రాజీపడే సందర్భంలోని వేరొక క్రియ కూడా సమాధానపడుట అయింది. దీనికి ఎదురుగా, ఒకే మూలపదం చాలా తెలుగు మాటలుగా చీలిపోయిన చోట్లూ ఉన్నాయి. యోహాను 14:27లో ఐరేనే ‘శాంతి’ అయింది. అదే సంభాషణలో రెండు అధ్యాయాల తరువాత 16:33లో అదే పదం ‘సమాధానము’ అయింది. విద్యార్థి దశలో నేను ఈ తేడాను పట్టుకొని, శాంతి వేరు, సమాధానము వేరు, ప్రభువు రెండు వరాలు ఇచ్చాడు అని మూడు అంశాల ప్రసంగం ఒకటి తయారుచేశాను. గ్రీకు తెరిచి చూచి ఉంటే ఒక్క అంశమైనా మిగిలేది కాదు.

అయితే అనువాదకులు చెవి లేనివారని అనుకోవద్దు. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో తెర్తుల్లు అనే న్యాయవాది అధిపతియైన ఫేలిక్సును పొగడుతూ అతని పాలనలో ఉన్న ఐరేనేను ప్రస్తావిస్తాడు. అక్కడ మన అనువాదకులు ‘సమాధానము’ వేయలేదు, ‘నెమ్మది’ అన్నారు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5:3లో, ఆకస్మిక నాశనానికి ముందు లోకులు చెప్పుకొనే ఐరేనే కూడా ‘నెమ్మది’యే. రోమా సామ్రాజ్యం ఇచ్చే శాంతి, ఔగుస్తు పేర క్రీ.పూ. 9లో రోములో బలిపీఠం ప్రతిష్ఠించుకొన్న ఆ శాంతి, ఒక రకం. ప్రభువు ఇచ్చేది మరొక రకం. ఒకటి నోరెత్తకుండా ఉండడం, మరొకటి చెదిరినది కూడుకోవడం. మూలంలో ఒకే మాట ఉన్నా తెలుగులో రెండు మాటలు వేసిన ఆ చేతిని నేను మెచ్చుకుంటాను. నా ఫిర్యాదు అనువాదకుల మీద కాదు. వారు ‘నెమ్మది’ అని వేరుచేసి పెట్టినదానిని మనం మళ్లీ ‘సమాధానము’లో కలిపి బోధిస్తున్నాం.

దీనిని వివరించడానికి హెబ్రీకి వెళ్లాలి. ‘షాలోమ్’ అనే మాట ‘ష-ల-మ’ అనే మూడు హల్లుల ధాతువునుండి వచ్చింది. పూర్ణంగా ఉండడం, కొరత లేకుండా ఉండడం దాని భావం. ద్వితీయోపదేశకాండము 27:6లో బలిపీఠానికి వాడవలసిన చెక్కని నిండు రాళ్లకు వాడిన విశేషణం ఈ ధాతువునుండి వచ్చినదే. ఇంతవరకు వేదాంత కళాశాల విడిచిన ప్రతివారికీ తెలుసు. మనం ప్రసంగాలలో చెప్పనిది ఇంకొకటి ఉంది. ఇదే ధాతువు క్రియగా ‘షిల్లేమ్’ అనే రూపంలో వచ్చినప్పుడు దానికి అర్థం చెల్లించడం, నష్టం పూడ్చడం. నిర్గమకాండము 22వ అధ్యాయం దీనితో నిండి ఉంది. ఒకడు తన పశువును వేరొకని చేనిలో మేపితే, తన చేనిలోని మంచి పంటనుండి ఇయ్యాలి. నిప్పు అంటించి పనలను కాల్చినవాడు ఇయ్యాలి. ప్రతిచోటా తీర్పు ఒకే మాట: ‘యెషల్లేమ్’. మన బైబిలు అక్కడ ‘అచ్చుకొనవలెను’ వంటి మాటలు వాడింది. అర్థం సరిగానే ఉంది. కాని తెలుగులో ‘అచ్చుకొనుట’కూ ‘సమాధానము’నకూ చూపులో ఏ పోలికా లేదు. హెబ్రీ వినేవాని చెవిలో మాత్రం పొలం మేపినవాడు నష్టం కట్టడమూ, ఆ ఇద్దరి మధ్య షాలోమ్ నిలవడమూ ఒకే మాట రెండు రూపాలు.

దావీదు కథలో ఇది ఎంత పదునుగా ఉందో చూడండి. సమూయేలు రెండవ గ్రంథము 11:7లో, బత్షెబ గర్భవతియని తెలిసిన తరువాత దావీదు ఊరియాను యుద్ధరంగంనుండి పిలిపించాడు. వచ్చినవానిని కుశలమడిగాడు: యోవాబు షాలోమ్, జనుల షాలోమ్, యుద్ధపు షాలోమ్. ఒక్క వచనంలో మూడుసార్లు. యుద్ధానికి షాలోమ్ అడగడం హెబ్రీలోనే వినడానికి వింతగా ఉంటుంది. తన తప్పుకు జవాబుదారీ కావడం ఇష్టంలేని మనిషి నోట ఆ మాట అంత ధారాళంగా వస్తుంది. తరువాతి అధ్యాయంలో నాతాను గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు మండిపడి, ఆ ధనవంతుడు గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు ఇయ్యాలని తీర్పు చెప్పాడు (12:6). ఆ తీర్పులో అతడు వాడిన క్రియ యెషల్లేమ్. ముందు షాలోమ్‌ను మూడుసార్లు అడిగినవాడే దానికి వెల ఎంతో తన నోటితోనే చెప్పాడు. ఆ మనుష్యుడవు నీవే అని నాతాను అన్నది ఆ తరువాత. ఈ రెండు అధ్యాయాలను కలిపి చదివితే, ఏ నిఘంటువు కంటే బాగా ఈ మాట అర్థమౌతుంది.

యిర్మీయా 6:14లోని హెచ్చరిక కూడా ఇక్కడిదే. ప్రజల గాయాన్ని పైపైన కట్టి షాలోమ్ అని రెండుసార్లు పలికే ప్రవక్తలను, యాజకులను అతడు గద్దించాడు. యెహెజ్కేలు 13వ అధ్యాయం అదే వైఖరిని, నిలవని గోడకు పూత పూయడంతో పోల్చింది. గమనించండి, ఈ తప్పు చేసినవారు దోచుకున్నవారు కారు. దోపిడీ జరిగిన తరువాత వచ్చి కట్టు కట్టినవారు. అంటే మన వృత్తిలోనివారు.

నేనూ ఆ కట్టు కట్టినవాడినే. నా మొదటి పాస్టరేటులో, ఒక పల్లె సంఘంలో, ఒక విధవరాలు తన గేదెలు అమ్మిన డబ్బు 12,000 రూపాయలు సంఘపెద్ద ఒకరి దగ్గర దాచుకుంది. కూతురి పెండ్లి కుదిరాక అడిగితే, ఎప్పుడో ఇచ్చేశాను అన్నాడాయన. కాగితం లేదు. సంఘం రెండుగా చీలేలా ఉంది. సంస్కారపు ఆదివారానికి ముందురోజు సాయంకాలం ఇద్దరినీ గుడికి పిలిచి, మత్తయి 5:23, 24 వచనాలు చదివి, ప్రార్థన చేసి, చేతులు కలిపించాను. లెక్క అడగలేదు. అడిగితే పెద్దాయన గుడి మానేస్తాడని భయం. కొత్త గుడి పైకప్పు ఖర్చులో సగం ఆయనది. ఆ తల్లి చేయి కలిపింది. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, “సమాధానపడ్డానయ్యగారూ. మరి సమాధానం ఎవరు చెబుతారు?” అంది. నేను ప్రభువు చూసుకుంటాడమ్మా అన్నాను. మరునాడు ఆమె రొట్టె, రసం తీసుకుంది. తరువాత వెనుక వరుసకు మారింది, ఆ తరువాత రావడం మానేసింది. నేను బదిలీపై వెళ్లేనాటికీ ఆ లెక్క తేలలేదు.

ఆనాడు నేను చదివిన వచనాన్నే నేను సరిగా చదవలేదు. మత్తయి 5:23లో బలిపీఠం దగ్గర నిలిచినవానికి జ్ఞాపకం రావలసింది, తనకు సహోదరునిమీద ఉన్న కోపం కాదు. సహోదరునికి తనమీద ఉన్న ఫిర్యాదు. అంటే ఆ ఆజ్ఞ తప్పు చేసినవానికి. అర్పణను అక్కడే విడిచి లేచి నడవవలసినవాడు అతడు. మన గుళ్లలో మాత్రం ఈ వచనం చదివినప్పుడెల్లా నష్టపోయినవారే తల దించుకుంటారు. కోడలు, కూలివాడు, అప్పు ఇచ్చి మోసపోయినవాడు, మందిరంలో నేలమీద కూర్చొనేవాడు. క్షమించలేకపోతున్నానే అని వారు కన్నీళ్లు పెడతారు. ఫిర్యాదుకు కారణమైనవాడు కానుక పళ్లెం పట్టుకొని వరుసల మధ్య తిరుగుతాడు. కొట్టే భర్త దగ్గరకు సమాధానం పేరు చెప్పి భార్యను తిరిగి పంపిన కాపరులు మనలో ఎందరు ఉన్నారో, ఎవరికి వారే లెక్క చూసుకోవాలి. ఆ స్త్రీకి మనం ఇచ్చినది తెర్తుల్లు పొగడిన నెమ్మది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దేవుడు మనలను తనతో సమాధానపరచుకొన్నప్పుడు మన దగ్గర నష్టం వసూలు చేయలేదు కదా? కృప అంటే అదే కదా? నిజమే. కాని నష్టం లేనట్టు నటించడం వేరు, దానిని వేరొకరు భరించడం వేరు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 1:20 ఐరేనే కలిగించడాన్ని సిలువ రక్తముతో ముడిపెట్టింది. అక్కడ మన అనువాదకులు ‘సంధి’ అనే మాట వేశారు, అది రాజుల మధ్య వెల కట్టి చేసుకొనే ఒడంబడిక మాట. గొల్గొతాలో ఏదీ పైపైన కట్టబడలేదు.

మనుష్యుల మధ్య ఇది ఎలా ఉంటుందో ఫిలేమోను పత్రిక చూపుతుంది. ఒనేసిమును క్షమించి సహోదరునిగా చేర్చుకొమ్మని పౌలు అడిగాడు. అంతటితో ఆగితే మన సమాధాన కూటాల వంటిదే అయ్యేది. పౌలు ఆగలేదు. అతడు నీకు నష్టం చేసి ఉంటే, నీకు బాకీ ఉంటే, అది నా లెక్కలో వేయుము, నేనే తీరుస్తాను అన్న భావంతో తన చేవ్రాలుతో హామీ ఇచ్చాడు (18, 19 వచనాలు). అక్కడ ‘తీర్చెదను’ అనే అర్థంలో వాడిన గ్రీకు క్రియ ‘అపోటినో’. నిర్గమకాండము 22వ అధ్యాయంలోని యెషల్లేమ్‌ను గ్రీకు సెప్టువజింటు అనువదించినప్పుడు వాడిన క్రియ కూడా అదే. పౌలుకు ఆ ధర్మశాస్త్రపు ధ్వని వినబడలేదని నేను అనుకోను. కృపయు సమాధానమును అని మొదలైన చిన్న ఉత్తరంలో మధ్యన ఒక ప్రామిసరీ నోటు ఉంది. నేను ఆ రోజు గుడిలో, కాగితం లేదు అనే మాట దగ్గర ఆగిపోయాను. కాగితం వ్రాయవలసినవాడిని నేనే కావచ్చునని తోచలేదు.

దీనినిబట్టి మనస్సులో కలిగే నెమ్మదిని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆసుపత్రి మంచం మీద, వైద్యులు చేతులెత్తేసిన తరువాత, ఎదుటివారినే ఓదార్చిన విశ్వాసులను చూశాను. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4:7లోని జ్ఞానమునకు మించిన సమాధానము అబద్ధం కాదని వారివల్ల నాకు తెలుసు. అయితే ఆ వచనాన్ని గోడ క్యాలెండరు మీద అచ్చువేసేటప్పుడు 2వ వచనాన్ని వదిలేస్తాం. అక్కడ యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్సుగా ఉండాలని పౌలు పేరుపెట్టి బ్రతిమాలాడు, 3వ వచనంలో వారికి తోడ్పడమని మూడవ వ్యక్తిని అడిగాడు. గొడవ ఉన్న సంఘానికి వ్రాసిన వాగ్దానం అది. ఒంటరిగా కళ్లు మూసుకున్నవానికి మాత్రమే వ్రాసినది కాదు.

వాడుక భాషలో వచ్చిన కొన్ని అనువాదాలు సమాధానమును వదిలి ‘శాంతి’ వైపు మొగ్గాయి. బయటివారికి అర్థం కావాలనేది వారి ఉద్దేశం, అది మంచిదే. అయినా నాకు ఒక సంకోచం ఉంది. శాంతి అనే మాట చల్లారడాన్ని చెబుతుంది. మంట శాంతిస్తుంది, గ్రహానికి శాంతి చేస్తారు, చనిపోయినవారి ఆత్మకు శాంతి కోరతారు. ఒక మనిషి తలుపు వేసుకొని ఒంటరిగా శాంతిగా ఉండవచ్చు. ఒంటరిగా సమాధానపడడం కుదరదు. ఆ క్రియకు రెండవ మనిషి కావాలి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2:14లో క్రీస్తును మన శాంతి అనడం కంటే మన సమాధానము అనడంలో, పడగొట్టబడిన మధ్యగోడ ఎక్కువగా కనబడుతుంది. ఈమధ్య వాట్సాప్ సందేశాలలో కొందరు వందనాలకు బదులు ‘షాలోమ్’ అని మొదలుపెడుతున్నారు. దానివల్ల నష్టమేమీ లేదు గాని, మన చేతిలో ఉన్న తెలుగు మాట దానికంటే తక్కువది కాదు.

జవాబు అనే అర్థం అడ్డు వస్తుందని భయపడనక్కరలేదని కూడా నా అభిప్రాయం. ఆదికాండము 41:16లో యోసేపు ఫరోతో దేవుడు ఇచ్చేది షాలోమ్‌తో కూడిన జవాబు అని చెప్పాడు. జవాబు చెప్పడమూ షాలోమూ ఆ హెబ్రీ వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. మన పాత అనువాదం అక్కడ క్షేమకరమైన ఉత్తరము అంది. అదే కథలో ముందు 37:4లో అన్నలు అతనితో షాలోమ్‌గా మాట్లాడలేకపోయారు. ఆ మాటలు తిరిగి ఎప్పుడు మొదలయ్యాయి? గిన్నె దొరికి, మీరు చేసిన పని ఏమిటని యోసేపు అడిగి, యూదా ముందుకు వచ్చి తమ దోషాన్ని ఒప్పుకొని, తమ్మునికి బదులు నన్ను ఉంచుకొమ్మని 44వ అధ్యాయంలో జవాబు చెప్పిన తరువాత. యోసేపు అన్నలను కౌగిలించుకొని ఏడ్చినది, వారు అతనితో మాట్లాడినది 45వ అధ్యాయంలో.

మరుసటి బుధవారం ఆ డిగ్రీ విద్యార్థిని లేపి, నీవు అడిగినది తెలుగులో సరియైన ప్రశ్నే, మూలభాషలో వేరు పదమున్నా భావంలో నీవు చాలా దూరం పోలేదు అని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. సంస్కారానికి ముందు వారంలో మా పాస్టరేటులో తగవులు వినే పద్ధతి కూడా మార్చాను. ఫిర్యాదు చేసినవారిని కాక, ఎవరిమీద ఫిర్యాదు ఉందో వారిని మొదట పిలుస్తున్నాను, మత్తయి 5:23 వారికే చదువుతున్నాను, లెక్క పుస్తకం ఉంటే బల్లమీద పెట్టమంటున్నాను. వచ్చేవారు తక్కువగానే ఉన్నారు. ఇద్దరు పెద్దలు ఇప్పటికే వేరే గుడికి వెళ్లిపోయారు.